పరభాషా నగరములో మొదటి విద్వత్సభ

పైచదువులు చదువుచున్న మన బాలబాలికల నోట ఈ నడుమ తరచుగ వినవచ్చుచున్న మాట 'కాన్ఫరెన్సు'. పరిశోధనలో చేరిన రెండు మూడేండ్లకు ఒకనాడు ఫోను చేసి, "నా పేపరు తీసుకున్నారు, కెనడా వెళ్ళాలి" అందురు. విన్న తల్లిదండ్రులకు సంతోషము కలుగును. వెనువెంటనే సందేహమును కలుగును. ఇది ఉద్యోగమా? కాదు. పరీక్షయా? కాదు. నాలుగు దినముల పనికి సముద్రములు దాటి పోవలయునా? ఖర్చెవరు భరింతురు? అచ్చట ఫ్రెంచి మాటలాడుదురట, తెలుగుబడిలో చదివిన పిల్ల ఎట్లు నెగ్గుకొని వచ్చును? గడచిన సంవత్సరము నన్నీ ప్రశ్నలడిగిన పోషకులు పలువురు కలరు. విడివిడిగ చెప్పుటకంటె సంచికలో ఒకమారు వ్రాయుట మేలని తోచినది. కెనడాలోని మాంట్రియల్ నగరమును ఉదాహరణముగ గైకొందును. అంతర్జాతీయ సభలు అచ్చట విరివిగ జరుగును. అది ఫ్రెంచి నగరము. మన పూర్వవిద్యార్థిని యొకతె తన మొదటి సభకు అచ్చటికే పోయి వచ్చినది.

విద్వత్సభ యనగా, ఒక శాస్త్రమున పనిచేయువారు దేశదేశముల నుండి ఒకచోట చేరి, తాము క్రొత్తగ తెలిసికొన్న దానిని తోటివారి ముందుంచి, వారి ప్రశ్నలకు నిలిచి సమాధానము చెప్పు కూటము. ఇది సన్మానము కాదు, పరీక్షయు కాదు. రెంటి పోలికలును కొంచెము కొంచెము కలవు. సభకు చాల మాసములు ముందుగనే నిర్వాహకులు ప్రకటన చేయుదురు. పరిశోధకుడు తన పనిని రెండు మూడువందల మాటలలో కుదించి పంపును. ఆ శాస్త్రము తెలిసినవారు దానిని చదివి తగినదో కాదో చెప్పుదురు. తగినదన్నచో వేదిక నెక్కి పది పదునైదు నిమిషములు ప్రసంగించుటకో, లేక పోస్టరు పెట్టుటకో అవకాశ మిత్తురు. క్రొత్తవారికి సాధారణముగ దొరకునది పోస్టరే. "మావాడికి ఉపన్యాసం ఇవ్వలేదట మాస్టారూ, గోడకి కాగితం అంటించుకోమన్నారట" అని ఒక తండ్రి చిన్నబుచ్చుకొనెను. చిన్నబుచ్చుకొన నక్కరలేదు. ప్రసంగము ముగిసిన పిమ్మట ప్రశ్న వేయుటకు ఇద్దరికో ముగ్గురికో వ్యవధి యుండును. పోస్టరు చెంత రెండు గంటలు నిలిచిన వానితో ఇరువదిమంది తీరికగ మాటలాడవచ్చును. మొదటిసారి పోవువానికి పోస్టరే మేలని నా యభిప్రాయము.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. సభ యని పేరు పెట్టుకొన్నవన్నియు సభలు కావు. రుసుము వసూలు చేయుటకే పుట్టినవి కొన్ని కలవు. హైదరాబాదు కేంద్రముగ పెరిగిన యొక ప్రచురణ సంస్థపై అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో న్యాయస్థానమున అభియోగము తెచ్చెను. పేరుపొందిన విద్వాంసులు వచ్చుచున్నారని వారి యనుమతి లేకయే ప్రకటించి సభలకు జనమును రప్పించుచున్నారనునది అందులో నొక ఆరోపణ. 2019లో న్యాయస్థానము 5 కోట్ల డాలర్లకు పైబడిన సొమ్ము చెల్లింపవలెనని తీర్పిచ్చెను. కావున మీ పిల్లవానికి ఆహ్వానము వచ్చినదన్నప్పుడు మూడు ప్రశ్నలు వేయుడు. నీవు పంపిన తరువాత వారు జవాబిచ్చిరా, లేక అడుగకయే పొగడుచు ఉత్తరము వ్రాసిరా? అంగీకారము ఒక్క దినములో వచ్చినదా? నీకు చదువు చెప్పు ఆచార్యుడు ఆ సభకు ఎన్నడైన పోయినాడా? మూడవ ప్రశ్నకు వచ్చు జవాబే అన్నిటికంటె ముఖ్యము. ఈ ప్రశ్నలు వేయుటకు ఆంగ్లము రానక్కరలేదు, శాస్త్రమును తెలియనక్కరలేదు.

ఇక వ్యయము. విమానపు టిక్కెట్టు, బస, సభ రుసుము, వీసా, ఇవి నాలుగు పద్దులు. విద్యార్థులకు సభ రుసుము తక్కువగ నుండును. గడువుకు ముందు చెల్లించినచో ఇంకను తగ్గును. విశ్వవిద్యాలయములును, పరిశోధనకు ధనమిచ్చు ప్రభుత్వ సంస్థలును ప్రయాణమునకు సహాయము చేయుట కలదు. కొన్ని సభలు తామే బీద దేశముల విద్యార్థులకు తోడ్పడును. అయితే ఈ సహాయము చాలచోట్ల పోయి వచ్చి రసీదులు చూపిన పిమ్మటనే చేతికందును. అంతవరకు రెండు మూడు మాసములు ఆ సొమ్ము ఇంటినుండియే సర్దవలసియుండును. ఈ సంగతి పిల్లలు మొగమాటముచే ముందుగ చెప్పరు. మీరే అడిగి తెలిసికొనుడు.

కెనడా వీసాకు దరఖాస్తు రుసుము 100 కెనడా డాలర్లు, వ్రేలిముద్రలకు 85. సభ నిర్వాహకుల ఆహ్వానపత్రము జతపరుపవలెను. వారు తమ సభను అచ్చటి ప్రభుత్వమునొద్ద ముందుగ నమోదు చేయించుకొన్నచో ఒక సంకేతసంఖ్య వచ్చును; దానిని దరఖాస్తులో వ్రాయవలెను. ఇన్ని చేసినను వీసా వచ్చునను నిశ్చయము లేదు. 2018 డిసెంబరులో యంత్రమేధకు సంబంధించిన న్యూరిప్స్ అను పెద్ద సభ మాంట్రియల్‌లో జరిగినప్పుడు ప్రవేశపు టిక్కెట్లు 12 నిమిషములలో అమ్ముడుపోయినవి; అయినను ఆఫ్రికాకు చెందిన పరిశోధకులు పలువురు వీసా దొరకక పోలేకపోయిరి. 2022లో అదే నగరములో జరిగిన అంతర్జాతీయ ఎయిడ్స్ సభకును అట్లే జరిగి పెద్ద విమర్శకు కారణమయ్యెను. నిరాకరణము వచ్చినచో అది పిల్లవాని యోగ్యతపై తీర్పు కాదు. మరియొక సంగతి: అమెరికాలో విమానము మారు టిక్కెట్టు కొన్నచో ఆ దేశపు వీసాయును కావలయును. చౌకయని కొని చిక్కుపడుట కలదు.

ఇప్పుడు భాష సంగతికి వత్తును. మన పాఠశాల పోషకులకు ఇది ప్రత్యేకముగ రుచించునని నమ్మి కొంచెము విస్తరింతును.

మాంట్రియల్ సెయింటు లారెన్సు నది నడుమ నున్న ద్వీపముపై కట్టిన నగరము. 1642లో ఫ్రెంచివారు నెలకొల్పిరి. 1760లో బ్రిటిషువారి వశమైనది. పేరులోని 'ట' కారమును అచ్చటి ఫ్రెంచివారు పలుకరు. ఆ నగరమున్న క్విబెక్ రాష్ట్రమున నూటికి డెబ్బదిమందికి పైగా ఫ్రెంచివారే. కెనడా దేశమంతయు గైకొన్నచో వారు అయిదింట ఒక వంతు మాత్రమే. ఇంట పెద్దవారు, ఊర చిన్నవారు. ఈ రెండు స్థితులును ఒక్కసారి గలవారి మనస్సు ఎట్లుండునో, 1936లో మదరాసు రాష్ట్రము నుండి ఒరిస్సాలో చేరిన మన గంజాము తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఒకప్పుడు ఆ నగరములో పెద్ద వర్తకమంతయు ఆంగ్లముననే నడచెడిది. 1977లో క్విబెక్ శాసనసభ ఫ్రెంచి భాషాశాసనమును చేసెను. కచేరీలలోను, కర్మాగారములలోను, దుకాణపు బోర్డులపైనను ఫ్రెంచి నిలిచినది. బోర్డులపై ఫ్రెంచి తప్ప మరియొకటి యుండరాదన్న నియమము న్యాయస్థానములలో వివాదమై, 1993లో సడలి, ఇతర భాషలును ఉండవచ్చును గాని ఫ్రెంచి కొట్టవచ్చినట్లు కనబడవలెనని స్థిరపడినది. బయటినుండి వచ్చి స్థిరపడినవారి పిల్లలు సాధారణముగ ఫ్రెంచి బడికే పోవలయును. ప్రభుత్వ ధనముతో నడచు ఆంగ్లపు బడిలో చేరుటకు ముఖ్యముగ తల్లియో తండ్రియో కెనడాలో ఆంగ్లమున ప్రాథమిక విద్య చదివినట్లు చూపవలెను. 2022లో ఈ శాసనమును ఇంకను బిగించిరి. అచ్చటి ఆంగ్లభాషీయులకు తమ బడులను గూర్చిన బాధ యున్నది. ఎవరిది న్యాయమని నేను తీర్పు చెప్పజాలను. అల్పసంఖ్యాకుల బడి నడుపువానికి ఇరువైపుల మాటయు అర్థమగును.

అచ్చటి దుకాణములలో 'బొంజూర్, హాయ్' అని రెండు భాషల పలుకరింపు వాడుకలో నున్నది. ఫ్రెంచిలో బదులిచ్చినవానితో ఫ్రెంచి, ఆంగ్లమున బదులిచ్చినవానితో ఆంగ్లము. 2017లో శాసనసభవారు వర్తకులు 'బొంజూర్' మాత్రమే యనవలెనని కోరుచు ఏకగ్రీవముగ తీర్మానించిరి. ఒక్క పలుకరింపు మాటకు శాసనసభ తీర్మానము! నవ్వు వచ్చును గాని, మన వీధి బోర్డుమీద తెలుగు అక్షరము చెరిపివేసిననాడు మనకు నవ్వు రాదు గదా.

దీనివలన మన పిల్లలకు తెలియవలసినది స్వల్పము. మాంట్రియల్ వారిలో సగముకంటె ఎక్కువమందికి రెండు భాషలును వచ్చును. మొదట 'బొంజూర్' అని, తరువాత 'ఆంగ్లమున మాటలాడవచ్చునా' యని అడిగినచో ముఖము విప్పారును. ఆ మొదటి మాట లేక నేరుగ ఆంగ్లమున మొదలుపెట్టినచో పని జరుగును, ఆ వెలుగు మాత్రముండదు. బరంపురం బజారులో ఒడియా దుకాణదారునితో అతని మాటలో పలుకరించి, తరువాత తన బేరము తాను చేసికొను పిల్లకు ఈ పాఠము క్రొత్త కాదు. ఊరి భాష వేరు, ఇంటి భాష వేరు, పుస్తకపు భాష వేరైన చోట పెరిగిన పిల్లలకు తెలియని అక్షరముల బోర్డు క్రింద నిలిచినప్పుడు కలుగు బెదురు తక్కువ. ఒకే భాషలో పుట్టి పెరిగినవారికంటె మనవారు ఈ విషయమున ముందున్నారనియే నేననుకొనుచున్నాను.

కొన్ని మాటలు మాత్రము నేర్చి పోవుట మంచిది. 'సోర్తీ' యనగా బయటికి దారి. తలుపుపై 'పూసే' యన్నచో నెట్టుము, 'తిరే' యన్నచో లాగుము. నాలుగు వీధుల కూడలిలో ఎఱ్ఱని పలకపై 'అరె' యని యుండును. మనము ఒకరిని పిలుచునట్లే వినబడునుగాని, ఆగుమని దాని యర్థము. ఫ్రాన్సు దేశమున అదే పలకపై ఆంగ్లపు 'స్టాప్' వ్రాసియుండుట విచిత్రము. పరదేశమున నున్న ఫ్రెంచివారు స్వదేశమువారికంటె పట్టుగ నిలిచిరి. భోజనపు మాటలలో మరియొక తికమక కలదు. పారిసులో 'డేజనే' పగటి భోజనము, 'దీనే' రాత్రి భోజనము. క్విబెక్‌లో డేజనే ఉదయపు ఫలహారము, దీనే పగటి భోజనము, రాత్రిది 'సూపే'. సభ కార్యక్రమ పత్రికలో 'దీనే' యని చూచి రాత్రికని కూర్చున్నవానికి పగలు పస్తే. ఇవి తప్పులు కావు. మూలభూమినుండి దూరమై వచ్చినవారి నోట నిలిచిన పాత వాడుకలు. విజయవాడ బంధువులు మన మాట విని నవ్వినప్పుడు మనము చెప్పుకొను సమాధానమే వారిదియును.

నగరములో తిరుగుట కష్టము కాదు. విమానాశ్రయము నుండి 747 సంఖ్య గల బస్సు పగలు రేయి నడచును. భూగర్భ రైలు 1966లో ప్రారంభమైనది. దాని చక్రములకు రబ్బరు టైర్లుండుటచే చప్పుడు మెత్తన. పెద్ద సభలు జరుగు 'పాలే దె కోంగ్రె' యను రంగురంగుల అద్దపు మేడకు ప్లాస్ దార్మ్ స్టేషనులో దిగవలెను. చిరునామాలో ఒక్క సంగతి గమనింపవలయును. సెయింట్ లారెంట్ వీధి నగరమును తూర్పు పడమరలుగ విభజించును. ఇంటి సంఖ్యలు ఆ వీధినుండి రెండు దిక్కులకును మొదలగును. కనుక ఒకే వీధిలో ఒకే సంఖ్య రెండుచోట్ల నుండవచ్చును. 'ఎస్త్' తూర్పు, 'వెస్త్' పడమర. ఈ తోకమాట వ్రాసికొనక పోరాదు. శీతకాలమున చలి సున్నకు ఇరువది డిగ్రీల క్రిందికి పోవుట కలదు; అరువు తెచ్చియైనను మంచి కోటు తీసికొనిపోవలెను. శాకాహారులు సభకు పేరు నమోదు చేసికొనునప్పుడే ఆ మాట వ్రాయవలెను. 'పూటీన్' అని బంగాళాదుంప వేపుడుపై జున్నుముక్కలు వేసి యిచ్చెదరు; దానిపై పోయు పులుసు తరచుగ మాంసపు రసముతో చేసినది. నీటిలో ఉడికించి కట్టెల పొయ్యిలో కాల్చు 'బేగెల్' రొట్టెను గ్రుడ్డు కలిపినదో కాదో అడిగి తినవలెను. పార్క్ ఎక్స్‌టెన్షన్ అను పేటలో మన దేశపు సరుకుల అంగళ్ళు కలవు.

మీకు సంబంధించిన యొక లెక్క: వేసవిలో మాంట్రియల్ మనకంటె తొమ్మిదిన్నర గంటలు వెనుక, శీతకాలమున పదిన్నర. వేసవిలో మీరు ఉదయము 9 గంటలకు ఫోను చేసినచో అచ్చట ముందటి రాత్రి 11.30. నిద్రపోనిండు. అచ్చట మధ్యాహ్నము 3 గంటలకు పోస్టరు చెంత నిలిచిన పిల్లకు శరీరము మన అర్ధరాత్రి పన్నెండున్నర లెక్కలోనే యుండును. వీలైనచో రెండు దినములు ముందుగ చేరుట అందుకే.

పోస్టరు సంగతి మన పూర్వవిద్యార్థిని చెప్పినదానిని బట్టి వ్రాయుచున్నాను. ఆమె రైతుబిడ్డ. ఆమె పరిశోధన వరిచేలను గూర్చినది. నీరు నిలిచిన చేలో నేలకు గాలి తగలదు. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు మీథేను అను వాయువును పుట్టించును. అది చాలవరకు వరికాడలోని సన్నని సందుల గుండ పైకి వచ్చును. భూమి వేడిమిని పెంచు వాయువులలో నది యొకటి. నడుమ నడుమ చేను ఆరగట్టి మరల నీరు పెట్టినచో వాయువు తగ్గును. ఎంత తగ్గునో మన ప్రాంతపు నేలలలో కొలుచుట ఆమె పని. దానిని మీటరు ఎత్తునకు మించిన యొక్క పత్రముపై పటములతో వ్రాసి, వచ్చినవారికి రెండు నిమిషములలో చెప్పవలెను.

ఆ రెండు నిమిషములను ఆమె మొదట ఆంగ్లమున అభ్యసింపలేదు. తల్లికి తెలుగులో చెప్పినది. తల్లి బెండకాయలు తరుగుచు విని, "ఏం చెప్పావో నాకు తలకెక్కలేదు, మళ్ళీ చెప్పు" అన్నది. మూడవసారికి కూతురు పెద్ద మాటలు విడిచినది. అయిదవసారికి తల్లి, "అయితే చేను ఆరగడితే ఆ గాలి పుట్టదంటావు. బాగానే ఉంది. కానీ ఆరగడితే కలుపు లేస్తుందే, ఆ కలుపు కూలి ఎవరిస్తారు?" అన్నది. కూతురివద్ద జవాబు లేదు. మరునాడు తన ఆచార్యునితో మాటలాడి, తాము కొలిచిన చేలలో కలుపుతీతకు ఎన్ని కూలిదినములు పట్టెనో లెక్క తీసి, పోస్టరు అడుగున ఒక చిన్న పట్టిక చేర్చినది.

మాంట్రియల్‌లో ఆమె పోస్టరు చెంతకు పదునెనిమిదిమంది వచ్చిరట. కొందరు చూచి తలయూపి పోయిరి. ఒక వృద్ధ ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తన యాసతో నొక ప్రశ్న వేసెను; రెండుమార్లు చెప్పినను ఆమెకు బోధపడలేదు. "దయచేసి గీచి చూపుడు" అని కలము అందించినది. ఆయన నవ్వి, కాగితముపై మూడు గీతలు గీచెను. పది నిమిషములు మాటలాడుకొనిరి. అర్థము కానప్పుడు కాలేదని చెప్పుట అచ్చట లోపము కాదు. అర్థమైనట్లు తలయూపి సంబంధము లేని జవాబు చెప్పుటయే ఇబ్బంది. ఇది మన తరగతి గదులలోను నేర్పదగినదే. తరువాత ఫిలిప్పీన్సు నుండి వచ్చిన యొకామె పటములన్నియు చూచి, "కలుపు ఖర్చు మాట యేమి?" యని అడిగెను. మన బాలిక వ్రేలితో ఆ చిన్న పట్టికను చూపినది. ఆ సాయంకాలము వారిరువురును కలిసి భోజనము చేసిరి. ఇప్పటికిని ఉత్తర ప్రత్యుత్తరములు నడచుచున్నవి.

సభలో మిగిలిన దినములు ఇతరుల మాట వినుటకు. ఒకే సమయమున అయిదారు గదులలో ప్రసంగములు నడచును, అన్నియు వినజాలము. ముందటి రాత్రియే కార్యక్రమ పత్రికలో నాలుగైదు గుర్తుపెట్టుకొని, తక్కిన సమయము కాఫీ విరామములకు విడుచుట మంచిదని ఆమె యన్నది.

ఫ్రెంచి నగరమైనను అంతర్జాతీయ సభలలో ప్రసంగములు తరచుగ ఆంగ్లముననే జరుగును. కొన్నింట రెండు భాషలుండి, చెవికి తగిలించుకొను యంత్రములో అనువాదము వినబడును. అయితే తమ శాస్త్రమును తమ భాషలోనే చర్చించుకొనవలెనని అచ్చటి ఫ్రెంచి విద్వాంసులు 1923లోనే 'అక్ఫాస్' అను సంఘమును స్థాపించి, 1933 నుండి ఫ్రెంచిలో పెద్ద సభలు జరుపుచున్నారు. వైద్యము, రసాయనము, సాంఘిక శాస్త్రములు అన్నియు ఫ్రెంచిలోనే. ఆంగ్ల ఖండమున చుట్టును ఆంగ్లమే యుండగ ఇది సాగుచున్నది. తెలుగులో శాస్త్రము చెప్ప వీలులేదని ముందే తేల్చివేయువారు మనలోను కలరు. వారికి ఈ సంగతి చెప్పదగును.

తిరిగి వచ్చిన వారమునాళ్ళలో చేయవలసిన పనులు రెండు. సభలో పరిచయమైనవారికి ఆలసింపక ఉత్తరములు వ్రాయవలెను. మాసము గడచినచో వారు ముఖములు మరతురు. విమానమున ఎక్కినట్టి చీటీ మొదలు బస రసీదు, సభకు హాజరైనట్లు ఇచ్చిన పత్రము వరకు అన్నియు ఒక కవరులో పెట్టి విశ్వవిద్యాలయ కచేరీకి సమర్పింపవలెను. ఒక్క చీటీ తక్కువైనను ఇంటి సొమ్ము ఆలస్యమగును. పోస్టరును మాత్రము పారవేయవలదు. మన పూర్వవిద్యార్థిని తనదానిని చుట్టి తెచ్చి పాఠశాలకిచ్చినది. తొమ్మిదవ తరగతి గదిలో తూర్పు గోడకు వ్రేలాడుచున్నది. అడుగున నున్న కలుపుకూలి పట్టికను తెలుగులో వ్రాసి దాని ప్రక్క అంటించితిమి. వార్షికోత్సవమునకు వచ్చిన పోషకులు చూడవచ్చును.